దోర్నకల్ అడవి అంచున దాహం తీరిన అజరయ్య

శివరాత్రి దాటి మోదుగు పూసే వేళకు మన్యంలో నీటికి కటకట మొదలవుతుంది. గోదావరి పాయలుగా చీలి నడుమ ఇసుక మేటలు తేలుతాయి. వాగుల్లో పారే నీరు ఆగిపోయి ఆడవాళ్లు చెలమలు తవ్వి ముంతతో తోడుకోవలసి వస్తుంది. ఇప్పపూలు రాలేదీ అప్పుడే. భద్రాచలంలో శ్రీరామనవమికి పందిళ్లు వేసేదీ ఇంచుమించు ఆ రోజుల్లోనే.

క్రైస్తవ పేటల్లో శ్రమదినాలు వచ్చేది కూడా ఈ ఎండల్లోనే. భస్మ బుధవారం మొదలు ఈస్టరు పండుగ వరకు, మధ్యలో వచ్చే ఆదివారాలు తీసివేస్తే సరిగ్గా 40 రోజులు. ఏసుక్రీస్తు అరణ్యంలో 40 దినాలు ఉపవాసమున్నాడు గనుక ఆ లెక్క. కొందరు ఒంటిపూట భోజనం చేస్తారు. కొందరు మాంసం మానేస్తారు. చీకటి పడ్డాక గుడిలో దీపం పెట్టి ప్రార్థన జరుపుకుంటారు.

ఈ దినాల్లో గురువులు తరచు చెప్పే కథ ఒకటుంది. మిట్టమధ్యాహ్నం ప్రయాణ బడలికతో ఏసు ఒక బావి దగ్గర కూర్చుంటాడు. నీళ్లకు వచ్చిన స్త్రీ సమరయ జాతికి చెందినది. యూదులు ఆ జాతి వారితో పొత్తు పెట్టుకోరు, వారి ముంత ముట్టరు. ఆమెనే ఆయన దాహమడుగుతాడు. ఆ మాట మీద మొదలైన సంభాషణ నీళ్ల దాహం నుంచి దేవుని కోసం మనిషి పడే దాహం మీదికి మళ్లుతుంది. ఊరి బావి ముట్టుకోవడానికి వీల్లేక, పైనుంచి ఎవరైనా పోస్తే కుండ పట్టుకున్న తాతలు మన పేటల్లో ఎందరో ఉండేవారు. వారికి ఈ కథ విడమరచి చెప్పే పని ఉండేది కాదు.

ఆ రెండు దాహాలనూ ఎరిగిన మనిషి ఒకరు 1909లో దోర్నకల్ వచ్చి, 35 ఏళ్లు ఈ ప్రాంతంలోనే తిరిగి, ఇక్కడి మట్టిలోనే కలిశారు. ఆయనే బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఇంగ్లీషు వారి ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు పదవి పొందిన మొట్టమొదటి భారతీయుడు ఆయన.

తాటితోపుల ఊరిలో పుట్టుక

అజరయ్య మన వాడు కాదు, తెలుగు వాడూ కాదు. తమిళ దేశంలో తిరునల్వేలి ప్రాంతంలోని వెళ్లాలన్‌విళై అనే పల్లెలో 1874 ఆగస్టు 17న పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి గుడి గురువు. తల్లి పేరు ఎల్లెన్. ఏళ్ల తరబడి ప్రార్థించాక కలిగిన కొడుకు గనుక శామ్యూల్ అని పేరు పెట్టారు.

వారిది నాడార్ కులం. తాటిచెట్లెక్కి కల్లు గీసే వృత్తి. మన వైపు గీత పని వారి వంటివారే. అయితే ఆ రోజుల్లో తమిళ దేశంలో నాడార్లను గుళ్లలో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. అగ్ర కులాల వారికి ఇంత దూరాన నిలబడాలన్న కట్టుబాటు కూడా వారికి ఉండేది. దోర్నకల్ పేటల్లో ఏమి జరుగుతోందో ఒకరు చెప్పగా తెలుసుకోవలసిన అవసరం ఆయనకు లేకపోయింది.

1889లో తండ్రి పోయారు. తల్లే కష్టపడి చదివించింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరారు గాని పరీక్షల సమయానికి జబ్బు చేయడంతో డిగ్రీ చేతికి రాలేదు. తరువాత కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారు 1920లో ఆయనకు గౌరవ డాక్టరేటు ఇచ్చారు. అది వేరే సంగతి.

1895లో వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంఘంలో కార్యదర్శిగా కుదిరారు. దక్షిణాది పట్టణాలన్నీ తిరగడం, కాలేజీ విద్యార్థులకు ప్రసంగాలు చేయడం ఆ ఉద్యోగం. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్లాడారు. దక్షిణాదిన కాలేజీ చదువు చదివిన తొలి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు కలిగారు. షేర్వుడ్ ఎడ్డీ అనే అమెరికా దేశస్థుడు ఆయనకు ప్రాణస్నేహితుడు. పేరుంది, జీతముంది, దొరల మధ్య గౌరవముంది.

జాఫ్నాలో కలిగిన వెలితి

1902లో సింహళం వెళ్లినప్పుడు అజరయ్యకు మనసులో పెద్ద దెబ్బ తగిలింది. జాఫ్నాలోని తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను పరాయి చోట్లకు సువార్త చెప్పడానికి పంపుతున్నారు. తిరునల్వేలిలో అంతకంటే ఎంతో పెద్ద సంఘం ఉంది. వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అయినా అది తెల్లదొరలు తెచ్చి పెడితే తినే సంఘంగానే మిగిలిపోయింది. అందులో తానూ ఒకడు. ఇన్నేళ్లుగా ఊరూరా తిరిగి దేవుని గురించి ప్రసంగాలు చేస్తూ కూడా ఇది తనకు తట్టలేదు. ఆయన సిగ్గుపడ్డారు.

దప్పిక గొన్నవాడు కుండ దగ్గరికి తానే నడవాలి. అజరయ్య నడిచారు. తిరునల్వేలికి తిరిగి వచ్చి తోటివారిని కూడగట్టి 1903 ఫిబ్రవరి 12న ఇండియన్ మిషనరీ సొసైటీ స్థాపించారు. దొరల సొమ్ము ఒక్క పైసా పుచ్చుకోకూడదని నియమం. 1905 క్రిస్మస్ నాడు బెంగాలులోని శ్రీరాంపూరులో ఏర్పడిన నేషనల్ మిషనరీ సొసైటీలోనూ ఆయన ముఖ్యులు.

సొసైటీ వారు పని చేయడానికి ఎంచుకున్న చోటు నైజాం రాజ్యంలోని దోర్నకల్. అప్పటికి దోర్నకల్ అంటే సింగరేణి బొగ్గు కోసం ఇల్లందు వైపు రైలు చీలిపోయే ఒక స్టేషను, చుట్టూ అడవి, అక్కడక్కడ పల్లెలు. 1904లో శామ్యూల్ పాక్యనాథన్ అనే యువకుణ్ణి పంపారు. తరువాత మరి కొందరు వచ్చారు. తమిళ దేశం నుంచి రావడం, తెలుగు నేర్చుకోవడం, జ్వరాలు పడడం, మళ్లీ లేచి పల్లెలకు పోవడం. ఆ తొలి రోజుల పని అదే.

పంపినవాడు పట్నంలో ఉండి పోయినవారి ఉత్తరాలు చదువుకోవడం అజరయ్యకు నచ్చలేదు. యువజన సంఘం ఉద్యోగం వదిలేశారు. 1909లో గురువుగా అభిషేకం పొంది, భార్యాబిడ్డలతో దోర్నకల్ చేరారు. మొదట గుడారమే ఇల్లు. 35 ఏళ్ల వయసులో తెలుగు ఓనమాలు దిద్దారు. వేల మంది ముందు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ అనర్గళంగా మాట్లాడిన మనిషి, పేటలోని పిల్లల దగ్గర ఒక్కొక్క మాటే అడిగి నేర్చుకోవలసి వచ్చింది. వెలితి అన్నది ప్రసంగాలతో పూడేది కాదని ఆయనకు బాగా అర్థమైంది ఇక్కడే అనుకోవాలి.

దొరలకు చెప్పిన మాట

మరుసటి ఏడాది 1910లో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. మన దేశం నుంచి మాట్లాడిన వారిలో అజరయ్య ఉన్నారు. మిషనరీలు భారతీయుల కోసం ఎంతో త్యాగం చేశారని ఆయన ఒప్పుకున్నారు. ఆస్తులిచ్చారు, ఒళ్లు హూనం చేసుకున్నారు. కాని తోటి భారతీయ క్రైస్తవుణ్ణి తమ బల్ల దగ్గర సమానంగా కూర్చోబెట్టుకోరు. ఇవన్నీ కాదు, మాకు స్నేహితులు కావాలని ఆయన సభలో అడిగేశారు. సభలో కొందరికి కోపం వచ్చింది. ఆ ప్రసంగాన్ని నేటికీ దేశదేశాల క్రైస్తవులు గుర్తు చేసుకుంటారు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రల్‌లో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. అప్పటికి వయసు 38. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టి తెచ్చిన ప్రతిపాదన అది. నల్లవాడు బిషప్పయితే తెల్ల గురువులు ఆయన కింద ఎలా పనిచేస్తారని అభ్యంతరాలు లేచాయి. తక్కువ కులం వాడని గొణిగిన దేశీయ క్రైస్తవులూ లేకపోలేదు.

పల్లెల్లో చీకటి పడ్డాక

దోర్నకల్ అధ్యక్ష మండలం మొదట చిన్నది. తరువాత కృష్ణా, గోదావరి వైపు పల్లెలు కూడా కలిశాయి. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెం కూడా ఇందులోకే వచ్చింది. దుమ్ముగూడెం కథ అజరయ్య కంటే పాతది. కాటన్ దొర గోదావరి మీద పడవల రాకపోకలకు తలపెట్టిన పనుల్లో భాగంగా అక్కడ ఆనకట్ట, లాకులు కట్టారు. 1871లో ఆ పడవల పథకం మూలబడింది. పనులు చూసిన హేగ్ అనే ఇంజనీరు కోయల మధ్య సువార్త చెప్పేవారు కావాలని కోరడం, వెంకటరామరాజు అనే తెలుగు ఉద్యోగి ఆ పనికి పూనుకోవడం 1860 ప్రాంతాల మాట. ఆ వెనక వచ్చిన జాన్ కెయిన్ అనే గురువు అక్కడే పాతుకుపోయి కోయల భాష నేర్చి, వారి ఆచారాల గురించి పత్రికల్లో రాశారు. లాకుల్లో పడవలు ఆగిపోయినా మిషను ఆగలేదు.

అజరయ్య పల్లెలకు రైలులో కొంత, ఎడ్లబండిలో కొంత, కాలినడకన మిగతా పోయేవారు. తెల్లవారుజామునే లేచి, తన కింద పనిచేసే గురువులను పేరుపేరునా తలచుకుని ప్రార్థన చేసుకోవడం ఆయన అలవాటు. పల్లె చేరాక చెట్టు కిందనో పాకలోనో కూర్చునేవారు.

వచ్చి చేరుతున్న వారిలో ఎక్కువ మంది మాల, మాదిగ కులాల వారు. వెట్టి చాకిరి, అప్పు, కల్లు, జ్వరం వీరి బతుకు. వీరందరూ బియ్యం కోసం, బడి కోసం, దొరల అండ కోసం క్రైస్తవులవుతున్నారని ఊళ్లో మాట. అందులో నిజం లేదని అజరయ్య ఎన్నడూ బుకాయించలేదు. భూస్వామి కొట్టినప్పుడు అడ్డు పడేవారి కోసం మనిషి చూస్తాడు. కాని అంతటితో అతని ఆశ తీరిపోతుందనుకోవడం అతన్ని తక్కువ చేయడమేనని ఆయన నమ్మిక. చదువుకున్న బ్రాహ్మణునికి దేవుని మీద కలిగే దాహం, పొద్దంతా కుప్ప నూర్చి వచ్చిన పాలేరుకు ఎందుకు కలగదు?

అందుకే బాప్తిస్మం ఊరికే ఇచ్చేవారు కాదు. ముందు నెలల తరబడి నేర్పించేవారు. ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రావాలి. అక్షరం రానివారు వినివిని నేర్చుకునేవారు. పేటలో ఒక ఉపదేశకుడు కాపురం ఉండి పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు ప్రార్థన నడిపేవాడు. పొలం నుంచి వచ్చి గంజి తాగి, గంట కొడితే అందరూ చేరేవారు. భజన, కోలాటం వంటి మన ఆటపాటలను అజరయ్య మానిపించలేదు సరికదా, వాటితోనే బైబిలు కథలు చెప్పించేవారు. పుస్తకం చదవలేనివారికి సంవత్సరంలోని పండుగలు, ఉపవాసాలే పుస్తకమయ్యాయి. శ్రమదినాలు, మట్టల ఆదివారం, గుడ్ ఫ్రైడే, ఈస్టరు వరసగా వచ్చేసరికి కథంతా ఒకసారి పూర్తయ్యేది.

వచ్చినవారిని ఆయన తేలికగా వదలలేదు. కల్లు, సారా మానమన్నారు. ఇప్పచెట్టు ఉన్న ఊళ్లో సారా మానడమంటే మాటలా? అప్పు చేసి పెళ్లిళ్లు చేయవద్దన్నారు. ఇల్లూ వాకిలీ శుభ్రంగా ఉంచమన్నారు. ఇంకో చిక్కు ఉంది. మాలలు, మాదిగలు క్రైస్తవులయ్యాక కూడా ఒకరి పక్కన ఒకరు కూర్చునేవారు కాదు. ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నె. అందులో అందరూ తాగవలసిందే. బావి దగ్గర తమకు జరిగిన అన్యాయాన్ని గిన్నె దగ్గర మరొకరికి చేయడానికి లేదు. ఈ పోరులో ఆయన పూర్తిగా గెలిచారని చెప్పలేము. చాలా చోట్ల గిన్నె ఒకటయింది గాని పేటలు రెండుగానే ఉండిపోయాయి.

ఇక దానం. తినడానికే లేనివాడు ఏమిస్తాడని దొరలు అనుకునేవారు. ఇవ్వలేనివాడు ఎవడూ లేడని అజరయ్య వాదన. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఇల్లాలు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేయాలి. వారానికోసారి ఆ కుండ గుడికి వస్తుంది. అలా పోగయిన బియ్యంతో ఉపదేశకులకు గ్రాసం జరిగేది. ఉపవాసమున్న రోజు మిగిలింది కూడా అందులోకే. క్రైస్తవుడు ఇవ్వవలసిన కానుకల గురించి ఆయన ఒక చిన్న పుస్తకమే రాశారు. పిడికెడు బియ్యం తీసే అలవాటు ఈ మండలంలోని ఆడవాళ్లు నిలబెట్టిన ఘనత. మరియమ్మాళ్ ఆడపిల్లల చదువు కోసం, ఉపదేశకుల భార్యల శిక్షణ కోసం జీవితమంతా పాటుపడ్డారు. ఆమె గురించి రాసినవారు తక్కువ.

ఆయన బిషప్పయ్యేనాటికి మండలంలో సుమారు 57 వేల మంది సభ్యులుంటే 1941 నాటికి రెండు లక్షలు దాటారు. మాల మాదిగలలో వచ్చిన మార్పు చూసి వడ్డెరలు, ఎరుకలవారు, లంబాడీలు, కొన్ని చోట్ల కాపులు కూడా వచ్చి చేరారు.

గాంధీజీతో భేదం, అంబేద్కర్ ప్రశ్న

ఇంత మంది చేరడం దేశంలో పెద్ద చర్చ అయింది. మహాత్మాగాంధీకి ఇది నచ్చలేదు. హరిజనులకు మతం మార్చి చెప్పడం, తెలియనివారి అమాయకత్వాన్ని వాడుకోవడమే అవుతుందని 1936, 1937 సంవత్సరాల్లో ఆయన గట్టిగా విమర్శించారు. అజరయ్య స్వదేశీ మనిషి. క్రైస్తవులకు వేరే ఓటరు జాబితాలు వద్దని, అలా అయితే సంఘం ఒక రాజకీయ పార్టీ అయిపోతుందని 1930 తరువాత గట్టిగా వాదించారు. ఆ విషయంలో గాంధీజీకి దగ్గరే. కాని పేదవాడికి ఆత్మ విషయం తెలియదన్న మాటను మాత్రం ఒప్పుకోలేకపోయారు. తన 25 ఏళ్ల అనుభవం అందుకు విరుద్ధంగా ఉంది. ఇద్దరూ పెద్దలే. ఒకరి మాట మరొకరికి ఎక్కకుండానే ఆ తగవు మిగిలిపోయింది.

డాక్టర్ అంబేద్కర్ అడిగింది ఇంకా గట్టి ప్రశ్న. హిందూమతం విడుస్తానని ఆయన 1935లో ప్రకటించారు. దేశమంతటా మా వారు ఒకటిగా ఉన్నారు, క్రైస్తవంలోకి వస్తే మీ మిషన్ల లెక్కన ముక్కలైపోతారు, అలా కాదని మాట ఇవ్వగలరా అన్నది ఆయన ప్రశ్న. అజరయ్య దగ్గర సమాధానం లేదు. మిషన్లన్నీ ఒక సంఘం కావాలని 1919లో తరంగంబాడి సమావేశం నుంచి ఆయన పాటుపడుతూనే ఉన్నారు. ఈ ప్రశ్న తరువాత ఆ తొందర మరీ ఎక్కువయింది. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన అప్పటికి లేరు.

గుడి కట్టడానికి పాతికేళ్లు

దోర్నకల్ వెళ్లినవారు ఎపిఫనీ కథీడ్రల్ చూడకుండా రారు. మసీదుకున్నట్టు మినారులు, గుమ్మటాలు, దేవాలయ మండపానికున్నట్టు రాతి స్తంభాలు, పైన సిలువ. ఇంగ్లండు నుంచి తెచ్చిన నమూనా వద్దని, ఈ నేల వారి కన్నుకు గుడిలా కనిపించాలని అజరయ్య కోరిక. డబ్బు చాలక, మధ్యలో ఆర్థిక మాంద్యం వచ్చి పని చాలా కాలం సాగింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. పల్లెల నుంచి బండ్లు కట్టుకుని జనం వచ్చారు. ఒకప్పుడు ఊరి గుడి మెట్టు ఎక్కనివ్వని వారి పిల్లలు ఆ స్తంభాల మధ్య కూర్చున్నారు.

1944 చివరి దాకా అజరయ్య పర్యటనలు మానలేదు. కొద్ది రోజుల జ్వరంతో 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. అప్పటికి 70 ఏళ్లు నిండాయి. తిరునల్వేలికి తీసుకుపోలేదు. కథీడ్రల్ పక్కనే సమాధి చేశారు.

1953లో వరంగల్ నుంచి ఖమ్మం జిల్లా విడివడింది. 1959లో భద్రాచలం వచ్చి ఖమ్మంలో కలిసింది. 2016లో దోర్నకల్ మహబూబాబాదు జిల్లాకు, భద్రాచలం, దుమ్ముగూడెం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు పోయాయి. సంఘం లెక్కల్లో మాత్రం దుమ్ముగూడెం గుడి ఇప్పటికీ దోర్నకల్ మండలంలోదే. శ్రమదినాల్లో పల్లె గుళ్లలో సమరయ స్త్రీ కథ చెబుతారు. పొయ్యి మీద ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం తీసిపెట్టే ఇళ్లు ఈ పేటల్లో ఇంకా ఉన్నాయి.